రాత్రి భోజనానికో పుస్తకం

ముంచింగిపుట్టులో సన్యాసిరావు సావుకారి కొట్టంటే చుట్టుపక్కల కొండల్లో తెలియనివాళ్ళు లేరు. ముందు గదిలో ఉప్పు, కిరసనాయిలు, పొగాకు, గుడ్డలు. వెనక రెండు గదుల్లో కాపురం. ఆయన భార్య గంగాభవాని విజయనగరం పిల్ల. తండ్రి బడిపంతులు కావడంతో చదువు పుట్టింట్లోనే వచ్చింది. పెళ్ళై కొండెక్కిన కొత్తలో మన్యపు జ్వరం కన్నా ఆమెను ఎక్కువ బాధపెట్టింది చదవడానికేమీ లేకపోవడం. ఆ ఇంట్లో పుస్తకమంటే పంచాంగం ఒక్కటే. అందుకని పట్నం నుంచి సామాను చుట్టి వచ్చిన పాత పత్రికల కాగితాలు మడతలు విప్పి, నూనె మరకల మధ్య అక్షరాలు ఏరుకుని చదివేది. సగంలో తెగిపోయిన కథలకు ముగింపు తనే కల్పించి అత్తగారికి చెప్పేది. అత్తగారు అచ్చియమ్మకు అక్షరం ముక్క రాదు గాని, కథంటే చెవి కోసుకునేది. కోడలి మీద ఆవిడ ఎంత సణిగినా, సాయంత్రం దీపం వెలిగించే వేళకి మాత్రం "ఏటే గుంటా, ఇయ్యేల కాయితాలేటీ రాలేదా?" అని దగ్గర చేరేది.

దగ్గర్లోని మాచ్‌కుండ్‌లో కరెంటు ప్రాజెక్టు పనులు మొదలయ్యాక ఆ దారిన లారీలు తిరగసాగాయి. సిమెంటుతో పాటు మైదానపు మిల్లు బియ్యం బస్తాలు కూడా కొండెక్కాయి. అంతకుముందు ఇంట్లో రోకటి దంపుడు బియ్యమే తినేవారు. ఇప్పుడు మల్లెపువ్వుల్లాంటి అన్నం. సన్యాసిరావుకి ఆ తెలుపంటే ఎంత గర్వమో చెప్పలేం. విస్తట్లో అన్నం పడగానే ఒక్క క్షణం చూసుకుని గాని చెయ్యి పెట్టేవాడు కాదు. రాత్రి భోజనానికి ఆ అన్నం, కాస్త చింతపండు చారు, ఊరగాయ ఉంటే ఆయనకు ఇంకేమీ అక్కర్లేదు. కూరాకులు వండితే, "ఇయ్యి మేకలకెయ్యి," అనేవాడు.

అలా రెండేళ్ళు గడిచాయి. ఒకనాడు ఆయన కొట్టులోంచి ఇంట్లోకి వస్తే ఒక కాలికే చెప్పుంది. రెండోది ఎక్కడో జారిపోయింది, ఆయనకు తెలియలేదు. గంగాభవాని వెతికి తెచ్చి, "ఏటండీ, సూసుకోలేదా?" అంది. ఆయన తేలిగ్గా తీసేశాడు. తర్వాత పిక్కల్లో నొప్పులు, పాదాల్లో తిమ్మిరి, సాయంత్రానికి కాళ్ళవాపు. గల్లా పెట్టె దగ్గర్నుంచి లేవాలంటే గోడ పట్టుకోవలసి వచ్చింది. అచ్చియమ్మ దిష్టి తీసింది, మొక్కులు మొక్కింది. చివరికి గంగాభవాని పట్టుబట్టి, లారీలో అరకు దాకా, అక్కడినుంచి బస్సులో విజయనగరం తీసుకెళ్ళింది.

డాక్టరు ఆయన కాళ్ళు నొక్కి చూసి, ఏం తింటారని అడిగాడు. చెప్పారు.

"బెరిబెరి," అన్నాడు డాక్టరు. "మిల్లులో బియ్యం తెల్లగా మరపట్టేసరికి సత్తువంతా తవుడులో పోతుందమ్మా. సూదిమందు నేనిస్తాను. తిండి మార్చడం మీ పని. దంపుడు బియ్యం, ఆకుకూరలు, పప్పులు పెట్టండి. ముఖ్యంగా రాత్రి భోజనం అలా చారుతో సరిపెట్టొద్దు."

వింటుంటే తేలిగ్గానే ఉంది. కాని రోజూ ఏం వండాలి? కూర వాసన చూస్తేనే మొహం తిప్పుకునే మనిషికి ఎలా పెట్టాలి? ఆ ఆలోచనలోనే ఆమె బజారులో పుస్తకాల కొట్టు ముందు ఆగింది. వంట పుస్తకాలు ఒక వరుసలో వేలాడుతున్నాయి. ఆమెకు పెళ్ళైన ఇన్నేళ్ళలో అన్ని పుస్తకాలు ఒక్కచోట చూడ్డం అదే మొదటిసారి. భర్త అరుగుమీద కూర్చుని ఆయాసపడుతుంటే ఎక్కువసేపు నిలబడే ధైర్యం లేకపోయింది. అట్టమీద 'ఆరోగ్యం' అన్న మాట అన్నిటికన్నా పెద్దగా ఉన్న పుస్తకం తీసుకుని వచ్చేసింది.

అది ప్రకృతి వైద్యుడెవరో రాసింది. ఉప్పు విషమన్నాడు. చింతపండు, మిరపకాయ, పోపు అన్నీ శత్రువులే అన్నాడు. గంగాభవానికి అనుమానం రాకపోలేదు. కాని అచ్చులో ఉన్నమాట అబద్ధమనుకోవడం ఆమెకింకా అలవాటు కాలేదు. ఇల్లు చేరిన రాత్రే ఉప్పు లేకుండా ఉడికించిన సొరకాయ, పచ్చి ముల్లంగి తురుము, దంపుడు బియ్యపు జావ వడ్డించింది. ఆమె కూతుళ్ళిద్దరూ ఒక ముద్ద తిని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"ఇదేటే," అంది అచ్చియమ్మ. "జబ్బు ఆడొక్కడికి గదా. మాకెందుకీ శిక్ష?"

సన్యాసిరావు మాత్రం మారు మాట్లాడకుండా తిన్నాడు. ఆ మర్నాడూ తిన్నాడు. వారం తిరిగేసరికి, పుస్తకం చెప్పిందే నిజమేమో, ఈ మనిషి ఎంత మారిపోయాడోనని ఆమె మురిసిపోతూ ఉండగా, ఒక సాయంత్రం ఆయన దగ్గరికి వస్తే మీసాల్లోంచి ఉల్లిపాయ పకోడీ వాసన వచ్చింది. లారీ డ్రైవర్ల టీ దుకాణం దాకా గోడలు పట్టుకుని వెళ్ళొస్తున్నాడన్నమాట.

ఆమెకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. "నడవలేనోరు పకోడీ కోసం అంత దూరం ఎలా నడిచారండీ?" అంది.

"ఆకలి నడిపించిందే," అన్నాడాయన తల వంచుకుని. ఆ మాటకి ఆమె కోపం ఎగిరిపోయింది. మొహం చూస్తే నిజంగానే చిక్కిపోయి ఉన్నాడు. తప్పు ఆయనది కాదు, ఆ పుస్తకానిది అనుకుంది. ఇంకా సరిగా చెప్పుకుంటే, అట్ట చూసి కొన్న తనది.

డాక్టరు మళ్ళీ రమ్మన్న రోజుకి అచ్చియమ్మ కూడా బయల్దేరింది. "ఈసారి పుస్తకం నాను కొంతాను," అంది.

"మీకు సదువు రాదు గదా అత్తమ్మా."

"నువ్వు సదువు. నానింటాను."

సూదిమందు అయ్యాక సన్యాసిరావుని ఆస్పత్రి అరుగుమీదే కూర్చోబెట్టి, అత్తాకోడళ్ళిద్దరూ పుస్తకాల కొట్టుకి వెళ్ళారు. కొట్టాయన మర్యాదస్తుడు. బల్ల చూపించి, "చూసుకోండమ్మా," అన్నాడు. అచ్చియమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంది. "అన్నిట్లోనూ కందిపప్పు ఎలా వొండమన్నారో సదువు," అంది.

ఎర్ర అట్ట పుస్తకం లావుగా ఉంది. అందులో పప్పుకి వెన్న కాచిన నెయ్యి, జీడిపప్పు, కుంకుమపువ్వు కావాలి. "ఈడు పప్పు వొండతన్నాడా, పెళ్ళి సేత్తన్నాడా?" అంది అచ్చియమ్మ. అది పక్కకి పోయింది. రెండో పుస్తకం నిండా పోషక పదార్థాల పట్టికలు. పప్పులో ఏమేముంటాయో ఉంది గాని, తాలింపు మాట లేదు. గంగాభవానికి ఆ పట్టికలు ఆసక్తిగానే అనిపించాయి. కాస్త చదివితే అత్తగారు ఆవలించింది.

మూడోది బక్కపల్చని పుస్తకం. రాసింది ఎవరో ఆడమనిషి. గంగాభవాని చదివింది: "కందిపప్పు దోరగా వేయించి ఉడకవేయి. సగం ఉడికాక ములగాకు దూసి వేయి. దంపుడు బియ్యం ఆలస్యంగా ఉడుకుతుంది, పిల్లలు ఆకలికి పేచీ పెడతారు. కనుక మధ్యాహ్నమే కడిగి నానబెట్టుకో."

అచ్చియమ్మ కాళ్ళు ముడుచుకుని ముందుకి జరిగింది. "ఈవిడికి పిల్లలున్నారే," అంది. "ఇంకొంచెం సదువు."

గంగాభవాని తన పరీక్ష తాను పెట్టింది. తమ సంతలో దొరికేవి ఇందులో ఉన్నాయా అని పేజీలు తిప్పింది. చోళ్ళు, అంటే రాగులు, ఉన్నాయి, సామలున్నాయి, ఉలవలు, కంద, గుమ్మడి ఉన్నాయి. నెలనెలకీ రాత్రి భోజనాలు వేరువేరుగా చెప్పింది ఆవిడ. ఉప్పు తగ్గించమంది, మానమనలేదు. ఒకచోట తవుడూ బెల్లమూ కలిపి ఉండలు చేయమని ఉంది. గంగాభవాని ఆ పేజీ పైకి చదవకుండా తిప్పేసింది. తవుడంటే అత్తగారు ఏమంటుందో ఆమెకు తెలుసు.

పుస్తకం ఇంటికి వచ్చింది. ఇక రోజూ సరిపడా దంపుడు బియ్యం సంగతి. పక్క కొండమీది యర్రమ్మ సంతకి వచ్చినప్పుడల్లా ఆ కొట్లోనే ఉప్పు కొనేది. గంగాభవానికి ఆమెతో స్నేహం. ఇద్దరూ చెరో రోకలీ పట్టుకుని దంపేవారు. మొదట్లో గంగాభవాని అరచేతులు బొబ్బలెక్కితే యర్రమ్మ నవ్వి, రోకలి ఊరికే పడనివ్వమంది, పైకి ఎత్తడానికే బలం పెట్టమంది.

సన్యాసిరావుకి ములగాకు పప్పు నచ్చింది. ఉలవచారు మరీ నచ్చింది. కాని ఆ ఎర్రన్నం తినడానికి వీధి తలుపు మూయించేవాడు. "తెల్ల బియ్యం అమ్ముకుంటా ఈ బియ్యం తింతన్నానని తెలిస్తే జనం నవ్వరా?" అనేవాడు. ఒక సాయంత్రం యర్రమ్మ చేట కోసం తలుపు తోసుకుని లోపలికి వచ్చేసింది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు.

యర్రమ్మ విస్తరాకు చూసింది. "సావుకారు, మన బియ్యమే తింతన్నావేటి?" అంది. "మంచిది, తిను. కంద కూడా వొండించుకో." చేట తీసుకుని వెళ్ళిపోయింది. ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత తలుపు మూయమని ఆయన అడగలేదు.

తవుడు ఉండలు గంగాభవాని ఒక మధ్యాహ్నం చేసింది. నువ్వులు, బెల్లం కలిపింది. అచ్చియమ్మ ఒకటి తిని, ఇంకొకటి తిని, "ఏటిది, బాగుందే," అంది. గంగాభవాని అది తవుడని చెప్పేసింది. అచ్చియమ్మ నమలడం ఆపింది. గొడ్డుకి పెట్టేది తనకు పెట్టిందని గోల చేస్తుందనుకుంది కోడలు.

"ఆ యమ్మ రాసిందా?" అంది అచ్చియమ్మ.

"అవును."

"అయితే రేపు నువ్వులు కాస్త ఎక్కువెయ్యి."

వర్షాకాలం పోయి మంచు మొదలైన రోజుల్లో, సన్యాసిరావు పెరట్లో మొహం కడుక్కుంటూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. "భవానీ, ఇలా రా," అని పిలిచాడు. పడిపోయాడేమోనని ఆమె పరిగెత్తింది. ఆయన తన పాదం వంక చూసుకుంటున్నాడు.

"చీమ కుట్టిందే," అన్నాడు. "నొప్పెట్టింది."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె కూచుని ఆ పాదం ఒళ్ళోకి తీసుకుని, చీమ కుట్టినచోట బొటనవేలితో రాస్తూ చాలాసేపు ఉండిపోయింది. పొయ్యిమీద పాలు పొంగిపోయినా అచ్చియమ్మ ఆ రోజు ఎవర్నీ తిట్టలేదు.

పూర్తిగా కోలుకోడానికి ఇంకో ఏడాది పట్టింది. కుడి కాలు కాస్త ఈడ్చి నడవడం ఆయనకు అలాగే ఉండిపోయింది. పండగలకి తెల్లన్నం కావాలని అడిగేవాడు, ఆమె వండేది. పుస్తకం రాసినావిడ కూడా పండగకి పరవాలేదనే అంది.

పుస్తకం మాత్రం అచ్చియమ్మ సొత్తయిపోయింది. రోజూ సాయంత్రం కోడలి చేత ఒక వంటకం చదివించుకునేది. రాసిన ఆవిడ పక్కింట్లో ఉన్నట్టే వాదించేది. "అరటిదూటలో ఆవపిండి ఎయ్యకుండా ఎలా తింటావమ్మా?" అని నిలదీసి, కోడలి చేత ఆవ పెట్టించేది. క్రమంగా ఇరుగుపొరుగు కొట్లవాళ్ళ ఆడవాళ్ళూ వచ్చి కూర్చునేవారు. పట్నం వెళ్ళేవాళ్ళు ఏ పుస్తకం తేవాలని అడిగితే గంగాభవాని చెప్పేది. అట్ట చూడొద్దు, లోపల తెరిచి మీ ఇంట్లో రోజూ వండే కూర ఒకటి చదివి చూడండి అనేది.

ప్రాజెక్టు పనులు ముగిసి లారీలు తగ్గిన ఏడాది, కొత్తగా వచ్చిన ఫారెస్టు గార్డు భార్య వెంకటలక్ష్మి ఒక సాయంత్రం వచ్చింది. కొత్త కాపురం, భర్తకి అజీర్తి. పుస్తకం రెండ్రోజులు ఇస్తారా అని మొహమాటంగా అడిగింది.

"పుస్తకం ఇవ్వమమ్మా," అంది అచ్చియమ్మ. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. అచ్చియమ్మ పీట లాగి వేసింది. "నువ్వే రోజూ రా. మా కోడలు సదువుతాది. ఇయ్యేల సామల ఉప్మా. కూకో."

వెంకటలక్ష్మి కూర్చుంది. గంగాభవాని కళ్ళజోడు తుడుచుకుని, దీపం వత్తి కాస్త ఎగదోసింది.