ఉయ్యాల చెక్క మీద ఐదు బై ఎనిమిది

మా చిన్నప్పుడు... అమెరికాలో క్యారీ అనే ఊళ్లో మా ఇంటి గరాజ్‌లో కారుకి చోటుండేది కాదు, అంతా చెక్కలే. నేను ఐదో తరగతి. అమ్మకి ఏడో నెల. పుట్టబోయే పాపాయికి నాన్న ఉయ్యాల చేస్తున్నారు.

ఆఫీసులో కంప్యూటర్ ముందు నాన్న పులే గానీ, రంపం పట్టుకోవడం అదే మొదటిసారి. గుంటూరులో నాన్న ఊగిన పాత ఉయ్యాల కొలతలు తాతయ్య ఫోన్‌లో చెప్పారు... అన్నీ సెంటీమీటర్లలో. ఇక్కడి టేపు మీదేమో అంగుళాలు, వాటి మధ్య చిన్న చిన్న గీతలు. నాన్న కాలిక్యులేటర్‌తో భాగించి దశాంశాల్లో చెప్పేవారు. దాన్ని భిన్నంగా మార్చి, టేపు మీద ఆ గీత వెతికి, పెన్సిల్‌తో గుర్తు పెట్టడం నా పని. స్కూల్లో అప్పుడే నేర్పారు మరి... నా దర్జా చూడాలి.

"అరవై సెంటీమీటర్లు... ట్వెంటీ త్రీ పాయింట్ సిక్స్," అన్నారు ఒకరోజు.

పాయింట్ ఆరంటే ఆరు బై పది. పైనా కిందా రెండుతో కొట్టేస్తే మూడు బై ఐదు. ఠక్కున చెప్పేశాను. తీరా చూస్తే టేపు మీద ఆ గీతే లేదు... ఎంత వెతికినా లేదు. నాకు ఏడుపొచ్చేసింది.

"నీ లెక్క కరెక్టే తల్లీ. ఈ టేపులో ఐదో వంతులుండవు. అంగుళాన్ని సగం, అందులో సగం చేసుకుంటూ పోయారంతే," అని నాన్న నవ్వారు. "పాయింట్ సిక్స్ టూ ఫైవ్ అనుకుని ట్రై చెయ్యి."

ఆరువందల ఇరవై ఐదు బై వెయ్యి. ఐదుతో కొట్టేశాను, మళ్లీ ఐదుతో, మళ్లీ ఐదుతో... ఐదు బై ఎనిమిది. గీత దొరికింది. చెక్క మీద పెద్దగా రాసుకున్నాను.

అమ్మ మజ్జిగ గ్లాసులు పట్టుకొచ్చి, "పాప కాలేజీకి వెళ్లేలోపైనా అవుతుందా ఇది?" అని ఆటపట్టించేది.

ఒక ఆదివారం అమ్మమ్మ ఫోన్‌లో అంది... "పుట్టకముందే ఉయ్యాలేంటి బాబూ? బిడ్డ చేతికొచ్చాక చేసుకోవచ్చు కదా."

"ఇక్కడ అందరూ ముందే రెడీ చేసుకుంటారు అత్తయ్యా," అన్నారు నాన్న.

ఎనిమిదో నెలలో అమ్మని హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. ఇద్దరే తిరిగొచ్చారు. చెల్లి పుట్టింది గానీ ఏడవలేదని చెప్పారు నాకు...

అమ్మమ్మ ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నాన్నని ఎవరూ ఏమీ అనలేదు. ఆయన్ని ఆయనే అనుకున్నారు. చెక్కల్ని పాత దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టేశారు. రంపం ఎవరికో ఇచ్చేశారు. ఆ తర్వాత భిన్నాల హోంవర్క్ పట్టుకెళితే, "అమ్మని అడుగు తల్లీ" అనేవారు. నాకు ఎంత బాధేసేదో.

పోయిన నెల అమ్మానాన్నలు ఆ ఇల్లు ఖాళీ చేసి అపార్ట్‌మెంట్‌కి మారారు. గరాజ్ సర్దుతుంటే ఆ దుప్పటి మూట కిందకి దిగింది. పై చెక్క మీద నా వంకర రాత... ఐదు బై ఎనిమిది.

నాన్న ముఖం తిప్పుకున్నారు. "పారేద్దాం. అప్పుడే మీ అమ్మ మాట వినాల్సింది నేను," అన్నారు అమ్మతో.

అమ్మ ఆ చెక్క మీద దుమ్ము చున్నీతో తుడిచింది. "మీ ఉయ్యాల వల్ల కాదండీ... డాక్టర్ ఆ రోజే చెప్పింది. మీకు తెలుసుగా. నేనూ ఒక్కసారి చెప్పుండాల్సింది. నోరు రాలేదు."

నాన్న అక్కడే నేల మీద కూలబడి ఏడ్చారు. ఆయన ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

ఇప్పుడు మా అబ్బాయి హోంవర్క్‌లో దశాంశం చెబితే ఫోనే భిన్నం చేసి పెడుతోంది. పక్కన ఎవరూ కూర్చోనక్కర్లేదు. ఆ చెక్క మా ఇంటికి తెచ్చుకున్నాను... దాంతో ఏమీ చెయ్యను, ఊరికే ఉంటుంది.

మీ ఇంట్లోనూ సగంలో ఆగిపోయి, ఎవరూ పారేయలేని వస్తువు ఉందా? ఉంటే ఇక్కడ రాయండి... కానీ దాని గురించి ఇంట్లో ఎవరికైనా చెప్పని మాట మిగిలి ఉంటే, ముందు వాళ్లకి చెప్పి రండి.