పునీత అపొలోనియా బొటనవేలు

పటాలు చూస్తూ ఊళ్ళు తిరిగే పెద్దమనిషి ఒకాయన పెరూజా నుంచి మా చర్చికి వచ్చాడు. పునీత అపొలోనియా పటంలో, దాన్ని చేయించి ఇచ్చిన దాత మొహం అరిగిపోయి ఉండటం చూసి, "ఈయనను మీ జనం ఎంత ప్రేమించారో" అన్నాడు. మా నాయనమ్మ ఫియోరెంజా వినయంగా తల ఊపింది. ఆమె భక్తురాలని ఊరంతా అంటుంది. నేను అనను. ఆమె పక్కలో పడుకుని పెరిగినదాన్ని.

మా తాత నూచ్చో గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. పక్కవాడి పొలం గట్టురాయి జరిపింది ఉన్ని వ్యాపారి గాస్పరే దొరేనని పెద్దల ముందు సాక్ష్యం చెప్పాడు.  మరుసటి ఏడాది దొర చర్చికి ఒక పటం చేయించి ఇచ్చాడు. పంటినొప్పి తీర్చే పునీత అపొలోనియా నిలువెత్తున ఉంది. ఆమె బొటనవేలికి ఆనుకుని, చేతులు జోడించి మోకరిల్లిన దొర, జానెడు మనిషి. కింది పట్టీలో ఆమె పళ్ళు పీకుతున్న తలారి. వాడి చేతిలో పట్టకారు మా తాతది. ముక్కు తాతది. కనుబొమ మీది మచ్చ కూడా తాతదే.

పటంలో దుర్మార్గుడు కనిపిస్తే మా ఊరి ఆడవాళ్ళు ఊరుకోరు. ప్రార్థన కాగానే కొప్పులోని సూది తీసి వాడి కళ్ళు గీకుతారు. అది పుణ్యమని నమ్మకం. అలా పటంలో తాత కళ్ళు పోయాయి. తర్వాత గుర్రాలు రావడం మానేశాయి, తాత చర్చికి వెళ్ళడం మానేశాడు. ఆ చలికాలమే పోయాడు.

నాయనమ్మ ఏడవలేదు. దవడకు గుడ్డ కట్టుకుని చర్చికి బయలుదేరింది. ఆ ఉదయమే ఎండు రొట్టె కరకర నమలడం నేను చూశాను. తిరిగి వచ్చేసరికి కట్టు లేదు.

"ఎలా తగ్గిందే?" అంది పొరుగింటి మెనికా.

"అమ్మ బొటనవేలు. వేలు తడి చేసుకుని గట్టిగా రుద్దాలి. మెత్తగా రుద్దితే ఆ తల్లికి తెలియదు."

"పక్కనే దొర మొహం ఉందిగా."

"చెయ్యి కాస్త అటు జరిగితే పాపమా?"

పంటినొప్పి లేనివాళ్ళు ఎవరు? ఈస్టరు నాటికి దొర ముక్కు పోయింది. కోతల నాటికి కళ్ళు. దొర పాదిరి దగ్గరికి పరుగెత్తాడు.

"గురువుగారూ, నా మొహం తుడిచేస్తున్నారు. ఆపించండి."

"పునీత పాదం ముట్టుకోవద్దని నేనెలా చెప్పను దొరా? బిషప్పు వింటే నన్ను తుడిచేస్తారు."

ముందు బల్ల మీద జపమాల తిప్పుతున్న నాయనమ్మ సన్నగా దగ్గింది. "దొరగారు అమ్మ కాలి ధూళి కావాలనే కదా అక్కడ గీయించుకున్నారు. కోరిక తీరుతోంది, పాపం."

ద్రాక్షలు తొక్కే రోజుల్లో దొర దవడ గుమ్మడికాయలా వాచింది. పళ్ళు పీకే మంగలి పట్టకారంటే ఆయనకు వణుకు. ఆదివారం పూజలో, ఊరంతా చూస్తుండగా, పటం ముందు మోకరిల్లాడు. నాయనమ్మ పక్కనే చేరింది.

"గట్టిగా, దొరా. ఇంకాస్త."

కళ్ళు మూసుకుని, నొప్పికి మూలుగుతూ రుద్దాడు. చెయ్యి తీసేసరికి పటంలోని దొరకు గడ్డం లేదు, కింది సుద్ద తెల్లగా బయటపడింది. వేలికి అంటిన తన రంగునే దవడకు పూసుకుని లేచాడు.

నాయనమ్మ నా వైపు తిరిగి నవ్వింది. ఆ నోట్లో ఒక్క పుచ్చుపన్ను లేదు.