నలభై ఫారాలకూ ఒకే జవాబు

2009లో నేను ఫిజీ రాజధాని సువాలోని ఒక విశ్వవిద్యాలయంలో బిజినెస్ రీసెర్చ్ మెథడ్స్ చెప్పేవాణ్ణి. కాకినాడ నుంచి ఒప్పందం మీద వచ్చి అప్పటికి ఆరేళ్ళు. పరిశోధన డిగ్రీలో చేరదలచుకున్నవాళ్ళు ముందు ఈ కోర్సు పాసవ్వాలి. ఎక్కువమంది ఉద్యోగస్తులు. అలసిపోయి వస్తారు, చదవకుండా వస్తారు, చెప్పిందే మళ్ళీ అడుగుతారు.

ఆ ఏడాది నా ఓపికకు పరీక్ష పెట్టింది సుభద్ర. నలభై దాటిన మనిషి, ఒక బియ్యం కంపెనీలో ఉద్యోగం. సువా పక్కనే ఉన్న నసీను పట్నం నుంచి బస్సులో వచ్చేది. పుట్టిల్లు వనువా లేవు దీవిలోని డ్రెకేటిలో, ఏనాడో వలస వచ్చిన తెలుగు వరి రైతుల కుటుంబం. "ఫిజీలో వరి" మీద పరిశోధిస్తానంది. అంత పెద్ద విషయం ఒక మనిషి జన్మలో తేలదన్నాను. మూడుసార్లు తిప్పి పంపాక, డ్రెకేటి రైతులు మిల్లుకు వడ్లు పోయడం ఎందుకు మానేస్తున్నారన్న ప్రశ్న దగ్గరికి వచ్చింది.

క్వశ్చనేర్, అంటే ప్రశ్నల ఫారం, నాదే, ఏటా అందరికీ ఇచ్చేదే. ఒక్కో వాక్యం కింద 'పూర్తిగా ఒప్పుకుంటాను' నుంచి 'అసలు ఒప్పుకోను' దాకా ఐదు గడులు. ముందు పైలట్ చేస్తానంది సుభద్ర. అంటే నలుగురైదుగురిని అడిగి ఫారం పనికొస్తుందో లేదో చూసుకోవడం. గడువు దగ్గరపడుతోంది, అక్కర్లేదన్నాను.

నలభై ఫారాలు తెచ్చింది. అన్నిటా 'ఒప్పుకుంటాను'. మిల్లు తూకం సరైనదే, లారీ వచ్చే కబురు వేళకే అందుతోంది, అంతా బాగుంది. మరి మానేయడం ఎందుకు? నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో కూర్చుని నింపావా అని అడిగాను.

"నేను రాయలే సర్. వాళ్ళు చెప్పినారు, నేను టిక్ పెట్టినా," అంది. తర్వాత మెల్లగా, అక్కడి హిందీలో, "హమ్ ఝూఠ్ నై బోలా."

అబద్ధం చెప్పలేదంటే నేను నమ్మలేదు. ఫారాలు దొంగవని విశ్వవిద్యాలయం కమిటీకి రాసేశాను. ఆమె ప్రవేశం ఆగిపోయింది. ఒక్కసారి వచ్చి చూడమని వారం రోజులు నా గది ముందు నిలబడింది. ఆ పోరు పడలేక సెలవుల్లో ఆమెతో కలిసి ఓడెక్కి వనువా లేవు వెళ్ళాను.

మొదటి ఇల్లు శివన్న అనే ముసలి రైతుది. చాప వేసి, అక్కడ అతిథులకిచ్చే యంగోనా వేరుపొడి నీళ్ళలో కలిపి ఇచ్చాడు. ఫారం నేనే చదివాను. ప్రతి వాక్యానికీ తల ఊపి, "హా, ఠీక్ హై," అన్నాడు. పది నిమిషాల్లో అయిపోయింది. కలం జేబులో పెట్టుకున్నాక ఆయన నోరు విప్పాడు. కాలవలో నీళ్ళు వేళకు రావట, మిల్లు లారీ చెప్పిన రోజున రాదట, ఎండబెట్టిన వడ్లు వానలో తడిసి మొలకెత్తాయట. గంటసేపు చెప్పాడు.

ఇందాక అంతా బాగుందన్నారు కదా అన్నాను.

"ఇంటికొచ్చినోళ్ళకి కాదు అని ఎట్ల చెప్పేది బాబూ?" అన్నాడు ఆయన.

సుభద్ర తల ఎత్తలేదు. ఈ మాట ఆమె నాకు రెండుసార్లు చెప్పబోయింది, నేనే అడ్డుకున్నాను.

సువా వచ్చి కమిటీ ముందు తప్పు ఫారానిదనీ, ఫారం నాదనీ ఒప్పుకున్నాను. ఆరోపణ కొట్టేశారు గానీ ఆమెకు ఒక సెమిస్టర్ పోయింది. దాన్ని నేను తిరిగి ఇవ్వలేకపోయాను. రైతులతో తీరిగ్గా మాట్లాడి, వాళ్ళ మాటల్లోనే రాసుకుని, మరుసటి ఏడు డిగ్రీలో చేరింది.

పైలట్ గురించి ఆరేళ్ళు పాఠం చెప్పాను. నా ఫారాన్ని మాత్రం ఒక్క మనిషి ముందూ పెట్టి చూడలేదు. ఆ తర్వాత ఏ విద్యార్థి మీదైనా విసుగు పుట్టినప్పుడు, ముందు నేనిచ్చిన కాగితాన్ని తీసి చదువుకుంటున్నాను.