తాతయ్య ఫొటో పది సెకన్లే

డిగ్రీ ఫలితాలు రాక, ఊరికే కూర్చోలేక, ఈ రోజు బాబాయి ఇచ్చిన డిజిటల్ ఫొటో ఫ్రేమ్ ముందేసుకున్నాను. చనిపోయిన తాతయ్య ఫొటోలు స్కాన్ చేయించి మా ఫొటోల మధ్యలో కలిపాను. పది సెకన్లకో ఫొటో మారుతుంది: తెనాలి స్టేషన్‌లో ఆయన, వెంటనే బాపట్ల బీచ్‌లో నేను.

సాయంత్రం చూస్తే ఫ్రేమ్‌కి కనకాంబరాల దండ, అందులో నవ్వుతూ నేను!

"తియ్యండత్తయ్యా, పిల్ల బతికుండగా దండేంటి!" అంటూ అమ్మ కేకలేసింది.

"మీ మావయ్యగారికే వేశానమ్మా. సర్దేలోపే వెళ్ళిపోయారు," అంది నానమ్మ. నావైపు తిరిగి, "కాసేపు కూచోబెట్టవే ఆయన్ని," అంది.

తాతయ్య రాగానే పాజ్ నొక్కాను. నానమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

పొద్దుట్నించీ పడ్డ కష్టమంతా చివరికి మామూలు పటమైంది. మీరైతే మళ్ళీ ప్లే నొక్కేవారా?