రెండు ఫిల్ములు, ఒకటే మచ్చ

మా నాన్న హైస్కూల్లో సైన్సు మాస్టారు. దయ్యాల కోసం మా ఇంట్లో ఒక్క నిమ్మకాయ కూడా ఖర్చు కాలేదు. నేనూ ఆయన కూతుర్నే. బందరులో ఒక స్కానింగ్ సెంటర్లో పదిహేనేళ్ళుగా ఎమ్మారై తీస్తున్నాను. రోజూ మనుషుల పుర్రెల్లోకి తొంగిచూసేదాన్ని, చీకటికి భయపడతానా? అయినా మూడేళ్ళ కిందట పట్టపగలు జరిగిన ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ రోజు ఇద్దరు కానిస్టేబుళ్ళు ఒక ఖైదీని తీసుకొచ్చారు. పామిడిముక్కల వైపు రైతు. నీళ్ళ వంతు దగ్గర మాటామాటా పెరిగి, పక్క పొలం ఆయన్ని పారతో కొట్టి చంపాడు. ఊరంతా సైకో అంటున్నారట. మెదడులో ఏదైనా తేడా ఉందేమో చూపించాలని లాయరు కోర్టు అనుమతి తెచ్చాడు.

ఖైదీ వెంట వాళ్ళమ్మ వచ్చింది. శిక్ష గురించి ఆవిడ ఒక్క మాటా అడగలేదు. నా చెయ్యి పట్టుకుని, "అమ్మాయ్, లోపం వాడి బుర్రలో ఉందా, నా పెంపకంలో ఉందా? అదొక్కటి చెప్పు తల్లీ. చచ్చిపోయినాయన పెళ్ళాం ఎదురైతే తలెత్తలేకపోతున్నాను" అంది.

లోహమేదీ లోపలికి రాకూడదు కాబట్టి బేడీలు తీయించాం. మొలతాడుకి వెండి బిళ్ళ ఉంది. కత్తెర తెస్తే ఆవిడ ఒప్పుకోలేదు. బతికున్నవాడికి మొలతాడు తెంచకూడదని తనే ముడి విప్పింది.

స్కాన్లో నుదుటి వెనక చింతగింజంత మచ్చ కనబడింది. డాక్టరుగారు దగ్గరగా చూసి, "పుట్టుకతో వచ్చినట్టుందమ్మా. కోపానికి కళ్ళెం వేసేది ఈ భాగమే" అన్నారు. నిజం చెప్పాలంటే నాకు సంతోషమేసింది. ఆ తల్లికి ఒక జవాబు దొరికిందనుకున్నాను.

బయటికొచ్చి చెబితే ఆవిడ, "అయితే చిన్నాడికీ తియ్యండి" అంది. బెంచీ మీద అచ్చం అదే మొహంతో ఇంకో మనిషి కూర్చున్నాడు. కవలలు. గుడివాడలో రైసు మిల్లులో పని చేస్తాడు. గట్టిగా మాట్లాడటం కూడా రాని మనిషని కానిస్టేబుళ్ళే చెప్పారు.

"కవలలకి ఒకడికి చేసింది రెండోవాడికీ చెయ్యాలమ్మా. ఒకడికి జ్వరమొస్తే ఇద్దరికీ మందేసి పెంచాను" అంది. చాదస్తం అనుకున్నాను. డాక్టరుగారు మాత్రం వెంటనే సరేనన్నారు.

రెండో ఫిల్ము చేతికి రాగానే నన్ను నేను తిట్టుకున్నాను. అన్న ఫిల్మే మళ్ళీ ప్రింట్ చేశానని. పేరు చూశాను, టైము చూశాను. తప్పు లేదు. చిన్నాణ్ణి మళ్ళీ పడుకోబెట్టి మళ్ళీ తీశాను. అదే మచ్చ, అదే చోట, అంతే కొలత. పేర్ల మీద కాగితం ముక్కలు అంటించి డాక్టరుగారి ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చూసి, "రెండూ ఒకడి ఫిల్ములే తెచ్చావేంటమ్మా?" అన్నారు.

ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పాను. పెంచిన చేతులు అవే, బుర్రలో మచ్చా అదే. ఆవిడ చిన్నాడి వైపు తిరిగి, "మరి నువ్వెందుకు చెయ్యలేదురా?" అని అడిగింది.

అతను తల వంచుకున్నాడు. "నేనూ ఎత్తానే అమ్మా" అన్నాడు. అన్న పార ఎత్తిన రోజునే, ఆ పొద్దుటే, మిల్లు దగ్గర లారీ డ్రైవరుతో గొడవై గడ్డపార తలపైకి ఎత్తాడట. ఎవరూ ఆపలేదట. తనే దించేశాడట. ఒంటి మీద చెమట ఆరకముందే అన్న సంగతి చెబుతూ ఊరి నుంచి ఫోనొచ్చిందట.

"ఎందుకు దించావు?" అని నేనే అడిగాను.

"తెలీదండీ. అప్పట్నుంచీ అదే ఆలోచిస్తున్నాను."

తర్వాత నేను ఊరుకోలేక ఆ మిల్లు మేస్త్రీకి ఫోన్ చేశాను. నిజమేనండీ, మేమంతా చూశాం అన్నాడు. ఒకే మచ్చ ఉన్న రెండు మెదళ్ళు, ఇరవై మైళ్ళ దూరంలో, ఒకే గంటలో ఒకే పని మొదలుపెట్టాయి. ఒకటి మధ్యలో ఆగింది. డాక్టరుగారు కాకతాళీయం అన్నారు. అంటూ ఆయన నా మొహం చూడలేదు.

ఆ రోజు ఆవిడ కానిస్టేబుళ్ళ మధ్య కూర్చున్న పెద్దాణ్ణి అలా చూస్తూ, మెల్లగా అంది.

"అయితే వీడూ దించగలిగేవాడేనా అమ్మాయ్?"