చేయి ఆగిన చోటు

మా స్నానాల గదికి టైల్స్ వేసిన మేస్త్రీ మొన్న గురువారం మంథనిలో కన్నుమూశారు. గుండెపోటట. ఆయన పనితనం ఎరిగినవారు ఈ వీధిలో చాలామంది ఉన్నారు. ఆయన పేరు ఎవరివల్ల చెడిందో ఎరిగినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.

నా భార్య పక్షవాతం నుంచి కోలుకుంటున్న రోజులవి. ఇతరుల సాయం లేకుండా స్నానం చేయాలన్నది ఆమె పట్టుదల. అందుకే ఆ గదిని కొత్తగా చేయించాము. మేస్త్రీ సందుల్లో తెల్ల సిమెంటు నింపి, తడిగుడ్డతో తుడిచి, ప్రతి టైలునూ వేలి కణుపుతో తట్టి వినేవారు. డొల్లగా మోగితే ఊడదీసి మళ్లీ అతికించేవారు. నల్లాలు, సబ్బుగూడు, అద్దం బిగించాక, పట్టుకొని లేవడానికి స్టీలు కడ్డీ ఒక్కటే మిగిలింది.

దానికి ఆయన టేపు తీయలేదు. నా భార్యను గోడపక్కన కుర్చీలో కూర్చోబెట్టించారు.

"అమ్మా, కండ్లు మూసుకో. పడుతున్ననని అనుకొని చెయ్యి చాపు."

ఆమె అరచేయి ఆనినచోట పెన్సిలుతో గీత గీశారు. "భయమైనప్పుడు చెయ్యి యాడికి పోతదో, కడ్డీ గాడ ఉండాలె అయ్యగారూ" అన్నారు.

ఆ గీత సరిగ్గా, గోడ చుట్టూ నేను ముచ్చటపడి వేయించిన పూల టైల్స్ పట్టీ నడుమ పడింది. పద్యంలో యతి తప్పితే చెవి ఎట్లా నొస్తుందో, పూలమీద కడ్డీ నా కంటికి అట్లా తోచింది. జానెడు పైకి బిగించమన్నాను. జర ఆలోచించమని ఆయన రెండుసార్లు బతిమాలారు.

"పొందిక నాకు నువ్వు నేర్పుతవా? చెప్పినకాడ బిగించు" అన్నాను.

"నేను పడ్డా మంచిదేనట, ఈయన పూలు మాత్రం చెదరొద్దట" అని నా భార్య నవ్వింది.

కడ్డీ బిగించిన పదకొండోనాడు ఆమె పడింది. పెన్సిలు గీతమీదనే ఆనిన చేయి నున్నటి టైలు వెంట కిందికి జారిపోయింది. తుంటి విరిగింది. ఎట్లా జరిగిందని ఆసుపత్రి వరండాలో బంధువులు అడిగితే, మేస్త్రీ కడ్డీని తప్పుచోట బిగించాడని చెప్పాను. పురాణం చెప్పే నోరు కనుక ఎవరూ మారుమాట అడగలేదు. తలుపు అవతల మంచంమీద నా భార్య విన్నది. ముఖం గోడవైపు తిప్పుకుంది. మా వీధిలో ఆయనను మళ్లీ ఎవరూ పనికి పిలవలేదు.

వారం తర్వాత ఆయన పిలవకుండానే వచ్చారు. కడ్డీ ఊడదీసి, పై రంధ్రాలు పూడ్చి, గీత ఉన్నచోట బిగించారు. పోతూ, "అమ్మ లేస్తే అందుతది" అన్నారు. ఆమె లేవలేదు. ఏడాదికి పోయింది.

గురువారంనాడు మేస్త్రీ ఇంటికి వెళ్తే, ఆయన భార్య కన్నీళ్లు తుడుచుకొని నాకు కుర్చీ వేసింది. చుట్టూ ఉన్నవారితో, "మా ఆయన అయ్యగారింట్ల తప్పు చేసిండు. అయినా మనసుల పెట్టుకోకుండ వచ్చిండ్రు" అంది. ఆయన ఇంట్లో కూడా నిజం చెప్పుకోలేదన్నమాట. నేను ఆ కుర్చీలో కూర్చున్నాను.

అక్కడ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను: కడ్డీకి చోటు చూపినవాణ్ణి నేను. ఈ కాగితాన్ని మేస్త్రీ భార్యకు నేనే చదివి వినిపించాలి.

నా మోకాళ్లూ ఇప్పుడు మొరాయిస్తున్నాయి. రోజూ ఆ కడ్డీ పట్టుకొనే లేస్తున్నాను. అది నా భార్య చేతి ఎత్తున ఉంది. నడుము వంచితే గాని నాకు అందదు. వంగిన నా ముఖానికి ఎదురుగా, పూలపట్టీకి జానెడు పైన, తెల్ల సిమెంటుతో పూడ్చిన నాలుగు చుక్కలు.