అత్తమ్మ తాళం, పైగది పిల్ల దమ్ము

మొన్న నారాయణగూడలో ఆరోగ్య పరీక్షలకు వెళ్తే, అక్కడి అమ్మాయి నన్నొక చెక్కమెట్టు ముందు నిలబెట్టి, ఫోన్‌లో టక్ టక్‌మని చప్పుడు పెట్టింది. ఆ లయకు తగ్గట్టు మెట్టెక్కి దిగుతూ ఉండాలి. ఆగిన తర్వాత నాడి చూస్తారు. గుండె ఎంత త్వరగా నెమ్మదిస్తే దమ్ము అంత బాగున్నట్టు. నాకు నవ్వాగలేదు. ఇదే పరీక్ష ఒకప్పుడు అశోక్‌నగర్‌లో, మా ఇంటి వరండాలో, మా అత్తమ్మ భజన తాళాలతో జరిగేది.

మా ఆయన బడిలో ఆటలు నేర్పి రిటైరైన మనిషి. ఎవరు దొరికినా మెట్టెక్కించి నాడి పట్టుకునేవారు. పాలు పోసే ఆయన్ని కూడా వదల్లేదు. అలాంటాయనకు మా పైగదిలో కిరాయికుండే పిల్ల దొరికింది. ఎస్సై ఉద్యోగానికి చదువుతోంది. పొద్దంతా చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని రాతపరీక్ష గట్టెక్కింది గానీ, పరుగు మిగిలింది. అందులో తప్పితే సామాను సర్దుకుని ఊరికి వెళ్లాల్సిందే, ఇంట్లోవాళ్లు మళ్లీ పంపరు. నాకేమో ఆ పిల్లంటే ప్రాణం.

లయ చూసుకునే బాధ్యత అత్తమ్మది. భజనలో ఆవిడ తాళానికి తిరుగులేదు. కానీ అక్కడ ఎదురుగా దేవుడుంటాడు, ఇక్కడ చెమటలు కక్కుతున్న ఆడపిల్ల. పిల్ల మొహం ఎర్రబడేకొద్దీ తాళం జోలపాటలోకి దిగిపోయేది. మా ఆయన అది గమనించకుండా నాడి పట్టుకుని, "భేష్ బిడ్డా! గుర్రం లెక్కున్నవ్" అని మురిసిపోయేవారు. ఆ పొగడ్త పిల్లకే మింగుడుపడలేదు, పార్కులో పరుగెత్తితే సగంలోనే ఆయాసం వచ్చేది మరి. ఒకరోజు మెట్టు మీదే ఆగిపోయింది.

"నానమ్మా, జర జల్ది కొట్టు. నువ్వు జాలి పడితె నా నౌకరి పోతది" అంది, కళ్లనిండా నీళ్లతో.

"నీ మొకం జూస్తె నాకు చెయ్యాడ్తలేదు బిడ్డా" అని, అత్తమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. ఆరోజు తాళం కాస్త కూడా తగ్గలేదు, పిల్ల గుండె ఎంతసేపటికీ నెమ్మదించలేదు. "గీ దమ్ము చాలదు బిడ్డా" అన్నారు మా ఆయన, చిన్నబోయిన గొంతుతో. "గిప్పుడు నిజం తెల్సింది గద సార్, ఇగ ఉరుకుత" అంది పిల్ల. అన్నట్టే ఉరికింది, వానకూ ఎండకూ ఆగలేదు. అసలు పరుగు రోజు కూలబడిపోయిందట, గడువులోపు గీత దాటాకే. మనిషి దమ్మెంతో చూడడానికి కొన్ని నిమిషాలు చాలు. ఆ దమ్ము రావడానికి పట్టే కాలాన్ని మాత్రం, ఎంత ప్రేమున్నా, మనం తగ్గించి ఇవ్వలేం.